గురమ్మ తిట్ల తూకం

నేను పుస్తకాల మీద అభిప్రాయాలు రాసి బతికినవాణ్ణి కాదు, బడిపంతులుగా బతికాను. కానీ మార్కాపురంలో మా పఠనమందిరం కొన్న ప్రతి పుస్తకం అట్ట లోపల "చదివి చూచితిని, యోగ్యమైనది" అని పదమూడేళ్ల పాటు సంతకం పెట్టింది నేనే. లక్ష్మీనరసయ్య అన్న పేరు చూసి నిర్భయంగా పుస్తకం ఇంటికి తీసుకుపోయిన ఇల్లాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. ఆ సంతకానికి కాస్తో కూస్తో విలువ ఉందంటే అది నాకు చదువు చెప్పిన గురువుల చలవ మాత్రమే కాదు. అక్షరం ముక్క రాని గురమ్మ చలవ. ఈ మాట ఆమె బతికుండగానే నలుగురిలో చెప్పాను. ఆమె పోయి మూడేళ్లయింది కనుక ఇప్పుడు రాసి పెడుతున్నాను.

గురమ్మది ఊరికి మూడు మైళ్ల దూరంలో, పలక గనులకు పోయే బండిదారి పక్కన ఉన్న చిన్న గొల్లపల్లె. నేను ఎరిగేనాటికి ఆమెకు అరవై దాటాయి. మొగుడు ఎప్పుడో పోయాడు, బిడ్డలు లేరు. ముప్ఫై గొర్రెలు, రెండు మేకలు, ఒక గొంగళి, ఎంత దూరానికైనా వినపడే గొంతు ఆమె ఆస్తి. వారానికి రెండు రోజులు మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి వచ్చేది. మజ్జిగ పలచగా ఉందని ఎవరైనా అన్నారో, వాళ్ల ఏడు తరాల సంగతీ ఆ వీధిలో అందరికీ తెలిసిపోయేది. ఆమె మొదలుపెట్టగానే నేను పిల్లల చేత గొంతెత్తి ఎక్కాలు చెప్పించేవాణ్ణి, ఆ మాటలు వాళ్ల చెవిన పడకూడదని. అంత పవిత్రుణ్ణి నేను!

అటువంటి మనిషి చుట్టుపక్కల ఏడెనిమిది పల్లెలకు తిట్ల తగువులు తీర్చే పెద్ద అని నాకు చాలాకాలం తెలియదు. ఆ పల్లెల్లో ఒక పద్ధతి ఉండేది. ఇద్దరు నోరు జారి కొట్లాడుకుంటే, తిట్టినవాళ్లూ పడ్డవాళ్లూ కలిసి గురమ్మ గొర్రెల దొడ్డి దగ్గరికి రావాలి. అన్న మాటను అన్నవాళ్లే ఆమె చెవిలో చెప్పాలి. పెంచకూడదు, తగ్గించకూడదు. ఎక్కడ అన్నారు, ఎవరెవరు విన్నారు, అప్పుడు ఎవరి చేతిలో ఏముంది, అన్నీ అడిగేది. అంతా విని మూడింట్లో ఒక మాట చెప్పేది. "మజ్జిగతో పోతుంది" అంటే ఇద్దరూ అక్కడే ఒకే ముంతలో మజ్జిగ తాగి ఇళ్లకు పోవాలి. "పీర్లతో పోతుంది" అంటే పీర్ల పండగ దాకా ముఖాలు చూసుకోనక్కర్లేదు. పండగనాడు మాత్రం ఒకరినొకరు పలకరించి తీరాలి. మూడోది "పోదు". అది చాలా అరుదు. పోదు అన్నాక, పడ్డవాళ్లు అన్నవాళ్ల ఇంట జన్మలో నీళ్లు ముట్టకపోయినా ఎవరూ తప్పు పట్టకూడదు, సర్దుకోమని చెప్పకూడదు.

1938 ఎండాకాలంలో నతానియేలు రాసిన నవల నా బల్ల మీదికి వచ్చింది. నతానియేలు గిద్దలూరు వైపు ఒక మిషను బడిలో మాస్టరు. వాళ్లమ్మ పలక గనుల్లో రాళ్లు చీల్చి అతన్ని చదివించింది. ఆ గనుల్లో కష్టపడే ఓబుళమ్మ అనే ఆడమనిషి కథ రాసి, అతను సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. అందులో బూతులున్నాయని ఎవరో బడి మేనేజరు చెవిన వేశారు. ఆయనకు తెలుగు అంతంతమాత్రం. మార్కాపురం పఠనమందిరం సంఘం వాళ్లు యోగ్యమంటే సరే, అసభ్యమంటే మాత్రం మాస్టరు ఉద్యోగం వదులుకోవాలి అని తేల్చేశాడు. సంఘమంటే ఐదుగురు పెద్దలు. వాళ్లు పుస్తకాలు కొంటారు గాని చదవరు. చదివేది నేను. కాబట్టి నతానియేలు ఉద్యోగం వచ్చి నా చేతిలో పడింది.

ఎర్ర పెన్సిలు చెక్కుకుని రెండు రోజులు కూర్చున్నాను. నలభై ఒక్కచోట గీతలు పెట్టాను. ఒళ్లు కంపరమెత్తిన చోట రెండేసి గీతలు. పని బాగా చేశానని నాకు గర్వంగా కూడా ఉంది. నతానియేలుకు కార్డు రాస్తే, ఆ మరుసటి ఆదివారమే రైలెక్కి వచ్చాడు. కాలేషా దుకాణంలో కలుసుకున్నాం. కాలేషా మా పఠనమందిరం పుస్తకాలకు అట్టలు కట్టే మనిషి, నా కంటే పదేళ్లు పెద్ద.

గీతలు పెట్టిన పుస్తకాన్ని నతానియేలు మొదటినుంచి చివరిదాకా తిప్పాడు. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"అన్నీ తీసేసి మళ్లీ అచ్చేయిస్తానండీ. ఇద్దురు బిడ్డలు నాకు. పని పోతే ఏడికి పోవాల?" అన్నాడు.

నేను గొప్పగా తలూపాను. అతను లేవబోతూ ఆగాడు.

"ఒక మాట అడుగుతానండీ, కోపగించుకోవద్దు. దీనికేమో ఒక గీత, దీనికేమో రెండు గీతలు. ఏది ఎంత పెద్ద తిట్టో మీరు ఎట్ల తేల్చినారు?"

పుస్తకం నా వైపు తిప్పుకుని గీతలు మళ్లీ చూశాను. నిజానికి నా జన్మలో ఆ మాటల్లో ఒక్కదాన్నీ నేను అనలేదు. నన్ను ఎవరూ అనలేదు. వీధిలో వినపడితే ఎక్కాలు చదివించినవాణ్ణి, నాకేం తెలుస్తుంది? కాలేషా పుస్తకం కుడుతున్న సూది పక్కన పెట్టి పకపకా నవ్వాడు.

"తూకం తెలియకుండనే బేరం చేసినారే పంతులుగారూ! గురమ్మక్క కాడికి పోండి. ఆయమ్మ చెప్తది."

నాకు ఒళ్లు మండింది. మజ్జిగమ్మే గురమ్మ దగ్గరికి నేను పోవడమేమిటి? కానీ నతానియేలు అట్లాగే నిలబడి నా వంక చూస్తున్నాడు. అతన్ని రైలెక్కించి, మర్నాడు మధ్యాహ్నం పుస్తకం చంకలో పెట్టుకుని బండిదారి పట్టాను.

గురమ్మ దొడ్డి కంప సరిచేస్తూ ఉంది. నేను వచ్చిన పని చెబితే నన్ను ఎగాదిగా చూసింది.

"సరే అయ్యవారూ, అను" అంది.

పుస్తకం తెరిచి మొదటి మాట మీద వేలు పెట్టి చూపించాను.

"నాకు కనపడతదా అది? నోటితో అను. కాగితం మీద గీకింది తిట్టెట్ల అయితది?"

అటూ ఇటూ చూశాను. గొర్రెలు తప్ప ఎవరూ లేరు. గొంతు సవరించుకుని ఆ మాట అన్నాను. మంత్రం చదివినట్టు, స్వరం తప్పకుండా అన్నాను. గురమ్మ కింద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"అట్లంటే కుక్క గూడ లేచిపోదు అయ్యవారూ! అదెవురన్నారు? ఎవురిని? ఏం జరిగిందాడ?"

"అది చెప్పాలంటే కథంతా చదవాలి అవ్వా."

"మరి సదువు. కత తెలియకుండ తిట్టు తూచమంటన్నావా?"

అలా మూడు మధ్యాహ్నాలు గొర్రెల దొడ్డి పక్కన తుమ్మచెట్టు నీడన కూర్చుని నవల చదివాను. మొదట్లో సిగ్గుపడ్డాను. రెండో రోజుకు ఆ మాటలు అనడం కొద్దిగా పట్టుబడింది. దారినపోయే ఒకతను ఆగి, పంతులుగారికి ఏమయిందా అన్నట్టు చూసి పోయాడు. గురమ్మ మాత్రం నవ్వడం మాని శ్రద్ధగా వింది. నేను రెండు గీతలు పెట్టిన మాటను "అది ముద్దుకంటారు, మజ్జిగ" అని పక్కన పెట్టింది. వదినామరదళ్లు బావి దగ్గర అనుకున్న ఇరవై మాటలనూ ఒక్క ఊపున "మజ్జిగ, మజ్జిగ" అనేసింది. ఒక గీత పెట్టిన చోట ఆగి, "అప్పుడాయన అన్నం ముందర కూర్చోనుండాడు గదా? అన్నం ముందర అనకూడదు. పీర్లు" అంది. అంతకుముందు నేను ఎవరు తింటున్నారో, ఎవరు నిలబడి ఉన్నారో చూడనే లేదు. ఒట్టి మాటలు చూసి గీతలు పెట్టాను. రెండో రోజు సాయంత్రం తిరిగి వస్తుంటే నామీద నాకే చిరాకు వేసింది, దాంతోపాటు సంతోషం కూడా కలిగింది. ముప్ఫై నాలుగేళ్ల వయసులో నాకెవరో మళ్లీ ఓనమాలు దిద్దిస్తున్నారు.

మూడో రోజు అరవై ఎనిమిదో పేజీ వచ్చింది. గనిలో గట్టు విరిగిపడి ఓబుళమ్మ పక్కన పనిచేసే చిన్నపిల్ల చచ్చిపోతుంది. మర్నాడు మేస్త్రీ అందరి ముందూ నిలబడి, గొంతు కూడా పెంచకుండా, "నీ చెయ్యి మంచిది కాదమ్మా. ఇంక నువ్వు రాయి ముట్టుకోవద్దు" అంటాడు. అక్కడ నేను గీత పెట్టలేదు. పైగా అంచున "మేస్త్రీ పాత్ర మర్యాదగా ఉన్నది" అని మెచ్చుకుంటూ రాసుకున్నాను. ఆ కింద పన్నెండు వరుసలకు ఎర్రగీతలున్నాయి. పుస్తకంలో అన్నిటికంటే ముదురు మాటలు అవే, తూచే పని లేకుండానే తీసేయవలసినవి అని దాటవేసి, తరువాతి పేరాలోకి పోయాను.

గురమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పోదు" అంది.

"ఏది?"

"వాడన్నది. అది పోదు." ఆమె గొంతు ఎప్పటిలా లేదు. "ఆయమ్మ ఏమన్నది దానికి?"

"అది... బూతులున్నాయని కొట్టేశాను అవ్వా."

"వాడన్నది ఉంచి, ఆయమ్మ అన్నది కొట్టేస్తివా?"

పుస్తకం మూయబోయాను. 

"సదువు. గీతల కింద ఉండేది సదువు."

చదివాను. "నీ నోట్లో మన్ను పడ! నీ పాడె మోసేదానికి నలుగురు దొరక్కుండా పోను! నా చెయ్యి మంచిది కాదా? ఈ చేత్తో చీల్చిన పలక మీదనే కదరా నీ కొడుకు ఓనమాలు దిద్దింది!" అక్కడినుంచి మాటలు ముదురుతాయి. అవన్నీ ఇక్కడ రాయను, పుస్తకంలో ఉన్నాయి. అన్నీ గొంతెత్తి చదివాను. గురమ్మ మళ్లీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది.

అప్పుడు తన సంగతి చెప్పింది. పడుచు రోజుల్లో ఆ పల్లెల్లో గొర్రె ఈనలేక కష్టపడితే గురమ్మకే కబురు వచ్చేదట. అడ్డం తిరిగిన పిల్లను సర్ది, తల్లినీ పిల్లనూ దక్కించే చెయ్యి ఆమెది. మొగుడు పోయిన ఏడు ఆమె సొంత అన్న కాటమరాజు మందకు తెగులు వచ్చింది. గురమ్మ తీసిన పిల్లలు వరసగా తొమ్మిది చచ్చిపోయాయి. పెద్దదొడ్డి దగ్గర, బంధువులందరి ముందూ, ఆ అన్న అదే మాట అన్నాడు. నీ చెయ్యి మంచిది కాదు, ముట్టొద్దు.

"ఇరవై రెండేండ్లాయ. ఆ పొద్దు నా నోరు పెగల్లేదు అయ్యవారూ. అంతకుమించి బూతు నేను ఇనలే. ఆ పొద్దు నుంచి నా గొర్రె ఈనినా నేను ముట్టను, ఒకర్ని పిలుస్తా." పుస్తకం మీద చెయ్యి వేసింది. "ఆయమ్మకు నోరన్నా ఉండె. అది గూడ తీసేత్తాండవు నువ్వు."

నాకు కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు. నేను శుభ్రం చేశాననుకున్న పుస్తకంలో అన్నిటికంటే పెద్ద తిట్టును మర్యాదగా నిలబెట్టి, దానికి వచ్చిన జవాబును తుడిచేశాను. నలభై ఒక్క గీతల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ల నోటి మీదనే పడ్డాయి. ఇంటికి పోయి ఆ గీతలన్నీ రబ్బరు పెట్టి చెరిపాను. ఎర్రరంగు పూర్తిగా పోలేదు.

ఆ వారంలోనే సంఘం సమావేశమైంది, ప్లీడరు వెంకటసుబ్బయ్యగారి హాల్లో. ఆయన అధ్యక్షుడు. బూతులున్న పుస్తకాన్ని యోగ్యమని ఎలా అంటావని నన్ను నిలదీశాడు. వాదించి గెలవలేనని తెలుసు, ఆయన వృత్తే అది. "వద్దన్న మాటలన్నీ తీసేసి ఒక పేజీ చదువుతాను, వినండి" అన్నాను. అరవై ఎనిమిదో పేజీ తెరిచాను. మేస్త్రీ మాట చదివాను. ఆగి, పన్నెండు వరుసలకు పట్టేంత సేపు ఊరకే నిలబడ్డాను. తరువాత, "మేస్త్రీ వెళ్లిపోయాడు. ఓబుళమ్మ తట్ట తీసుకుని ఇంటిదారి పట్టింది" అని చదివాను.

"అదేమిటయ్యా, ఆవిడ ఏమీ అనలేదా?" అన్నాడు వెంకటసుబ్బయ్యగారు.

"అనింది. మనం తీసేశామండి."

"అంత మాట అంటే ఊరుకుంటుందా ఎవరైనా? ఏమనింది?"

చదివాను. గొర్రెల దొడ్డి దగ్గర నేర్చుకున్న గొంతుతో చదివాను. ఒక పెద్దమనిషి చెవులు మూసుకున్నాడు.   అప్పుడు లోపలి గదిలోంచి ప్లీడరుగారి తల్లి రంగనాయకమ్మగారు, ఎనభై ఏళ్ల మడిమనిషి, గట్టిగా అన్నారు.

"ఒరే సుబ్బయ్యా, ఆయన్ను కొంచెం ఇటు తిరిగి చదవమను. చివరి రెండూ సరిగ్గా వినపడలేదు."

వెంకటసుబ్బయ్యగారు ముందు నవ్వాపుకోవడానికి ప్రయత్నించాడు, చేతకాలేదు. చెవులు మూసుకున్నాయన కూడా నవ్వాడు. "పెద్దలు చదవదగినది, ఒక్క మాటయినను తీయరాదు" అని తీర్మానం రాశారు. మర్నాడే దాని నకలు మిషను బడికి పోయింది. నతానియేలు ఉద్యోగం నిలిచింది. అతను నాకు రాసిన ఉత్తరంలో "మీరు చేసిన మేలు" అని ఉంది. ఆ మేలు చేసింది నేను కాదని తిరుగు టపాలో రాశాను. అయితే ఆమెకే చదివి వినిపిస్తానని వచ్చాడు.

ఒక ఆదివారం సాయంత్రం కాలేషా దుకాణం అరుగు మీద చదువు పెట్టుకున్నాం. గనుల్లో పనిచేసే ఆడవాళ్లు పదిమంది దాకా వచ్చారు. గురమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఉన్ని అమ్ముకోవడానికి ఊళ్లోకి వచ్చిన ఒక ముసలాయన, గుంపును చూసి, కర్ర పక్కన పెట్టి చివర్లో చతికిలబడ్డాడు. గురమ్మ ముఖం తిప్పుకోవడం చూసి కాలేషా నా చెవిలో చెప్పాడు, ఆయనే కాటమరాజు అని.

నతానియేలు మేస్త్రీ మాట చదివాడు. అందరికంటే ముందు కాటమరాజే లేచి నిలబడ్డాడు.

"ఆడకూతుర్ని పట్టుకొని అట్లంటాడా నాయాలు? వాని నాలిక కోయాల!"

మనస్ఫూర్తిగా అన్నాడు. నటన లేదు.  ఆయనకు గుర్తే లేదు. నతానియేలుకు ఇదంతా తెలియదు కనుక, ఓబుళమ్మ జవాబు మొత్తం చదివి ఆపాడు.

"అన్నా" అంది గురమ్మ.

కాటమరాజు ఉలిక్కిపడ్డాడు. ఇరవై రెండేళ్లుగా చెల్లెలు ఎందుకో అలిగిందనే అనుకుంటున్నాడాయన.

"ఆ మాట నన్ను నువ్వే అన్నావు. పెద్దదొడ్డి కాడ. పొద్దు వాలతాండె. చచ్చిన పిల్ల నీ చేతిలో ఉండె. వదిన ఉండె, యల్లయ్య మామ ఉండె. నీ చెయ్యి మంచిది కాదు, ముట్టొద్దంటివి."

పెంచలేదు, తగ్గించలేదు. కాటమరాజు "నేనా?" అన్నాడు. మళ్లీ "నేనా?" అన్నాడు.  గురమ్మ లేచి ఆయన ఎదురుగా వచ్చింది. ఓబుళమ్మ అన్న పన్నెండు వరుసలూ, ఒక్క మాట తప్పకుండా, అన్న ముఖం మీద అనేసింది. మజ్జిగ కుండతో వీధుల్లో అరిచే గొంతు కాదు. మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా అంది. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని, తల వంచుకుని అన్నీ పడ్డాడు. ఎవరూ అడ్డం పోలేదు.

అయిపోయాక ఆయన తల ఎత్తాడు.

"తొలిసూలు గొర్రెలు రెండుండాయి నా మందలో. ఇయాలో రేపో ఈనేటట్టుండాయి" అన్నాడు. "రా చెల్లే. నువ్వే తియ్యాల."

 గురమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కాటమరాజు ముందు నడిచాడు. ఆమె నాలుగడుగుల వెనక నడిచింది.

తరువాత రెండు రోజులు ఊళ్లోకి మజ్జిగ రాలేదు. మూడోనాడు బడి వదిలే వేళకు గురమ్మ బడి వాకిట్లో నిలబడి ఉంది. కుండ లేదు. పిల్లలందరి ముందూ రెండు చేతులూ చాచి చూపించింది.

"అడ్డం తిరిగిన పిల్ల అయ్యవారూ. నేనే తీసినా. తల్లీ పిల్లా బతికినాయి."

నేను గడప దిగిపోయి ఆ చేతులకు దణ్ణం పెట్టాను.